నాన్న రైఫిల్ చప్పుడు

సాలో క్రాసింగ్, మిషిగన్
8 సెప్టెంబర్ 1998

తమ్ముడు ఆర్నీకి,

ఆదివారం నేను ఫోను పెట్టేసిన మాట నిజమే. నువ్వు పెట్టేసేలోపు నేనే పెట్టేశాను, అంతే తేడా. అమ్మ ఉంటే ఏం చేసేదో గుర్తుందా? మనిద్దరి గొంతులు లేస్తే చాలు, వంటగది బల్లకి ఆ చివర నిన్నూ ఈ చివర నన్నూ కూచోబెట్టి చెరో కాగితం, పెన్సిలు ఇచ్చేది. "రాయండి. సగం కోపం చెయ్యి నొప్పికే పోతుంది" అనేది. అందుకే రాస్తున్నాను. నా చెయ్యి ఇంకా నొప్పెట్టలేదు కాబట్టి విను.

కోరీ పుట్టినరోజుకి నువ్వు, కొట్లలోకి ఇంకా రాని ఆ వీడియో ఆట పంపకుండా ఉండాల్సింది. పద్నాలుగేళ్ల పిల్లాడు. వాళ్ల నాన్న విస్కాన్సిన్‌లో ఇంకో ఇల్లు పెట్టుకున్నప్పటి నుంచీ అసలే మాట తక్కువ. ఇప్పుడు ముందు గదిలో కర్టెన్లు లాగేసి, టీవీ ముందు కూచుని, సాయంత్రానికి ఓ ఊరు ఊరంతా కాల్చి పారేస్తున్నాడు. తినడానికి రారా అంటే "ఉండమ్మా, ఇంకో ఆరుగురున్నారు" అంటాడు. ఆ ఆటకి చప్పుళ్లు పేర్చి పెట్టింది వాళ్ల మామయ్యేనని బడిలో గొప్పలు.

ఆ బడి వంటగదిలోనే నేను పని చేస్తున్నానని నువ్వు మరిచిపోతున్నావు. పోయిన వసంతంలో ఎక్కడెక్కడి ఊళ్లలోనో పిల్లలు పిల్లల్ని కాల్చాక మాకు కొత్త పాఠం ఒకటి పెట్టారు. గంట మోగగానే నేను భోజనాల గదిలో ఉన్నవాళ్లను లాక్కుని బంగాళాదుంపల కొట్టుగదిలో దూరి, లైటు ఆర్పి, నోరు మూసుకోవాలి. మొన్న చేయించారు. రెండో తరగతి పిల్ల ఒకతె నా ఆప్రాన్ పట్టుకుని "ఇప్పుడు వాళ్లు వస్తారా?" అని చెవిలో అడిగింది. రారమ్మా అన్నాను. నాకేం తెలుసురా ఆర్నీ, వస్తారో రారో!

ఇంకోటి. మొన్న నాన్న కుర్చీలో కునుకు తీస్తూ ఉలిక్కిపడి లేచి, "ఎవడో నా రైఫిల్ కాలుస్తున్నాడు" అన్నాడు. నవ్వాం. తర్వాత కోరీ చెప్పాడు, అది నిజంగా నాన్న రైఫిల్ చప్పుడేనట. జూలైలో కంకర గుంట దగ్గర మైకులు పాతి నాన్న చేత అన్ని తూటాలు కాల్పించింది ఇందుకా? నేనేదో ముసలాయన్ని సరదాగా తిప్పుతున్నావనుకున్నాను.

యాలకుల రొట్టె చేసినప్పుడల్లా నిన్ను తలుచుకుంటాను. ఈసారి మాత్రం తిట్టుకుంటూ తలుచుకున్నాను.

మీ అక్క,
హిల్మా


షికాగో
17 సెప్టెంబర్

అక్కకి,

నాలుగు కాగితాలు చించాను. చెయ్యి నొప్పెట్టింది, కోపం పోలేదు. అమ్మ లెక్క నీకూ నాకూ పనికిరాదు.

ఆటలో చచ్చిన వాళ్లు మీట నొక్కగానే లేచి నిలబడతారు. దేశదేశాల పిల్లలు ఇవే ఆటలు ఆడుతున్నారు, వాళ్ల బళ్లలో వంటమనుషులు బంగాళాదుంపల కొట్లో దాక్కోవడం లేదు. తేడా ఎక్కడుందో మన వంటగది పక్క నడవలోకి వెళ్లి చూడు. ఆకుపచ్చ ఇనప బీరువా, అందులో ఐదు తుపాకులు. నువ్వు నా ఆటని తిడుతూ రోజుకి పదిసార్లు దాని ముందు నుంచి నడుస్తావు, ఒక్కసారైనా తల తిప్పి చూడవు.

కోపంతో అనడం లేదు అక్కా. జూలైలో జరిగింది నీకు చెప్పలేదు. కంకర గుంట దగ్గర నాన్న రైఫిల్ పట్టుకుని ఉండగా పక్కింటి వైనో బాబాయి కాఫీ పట్టుకుని దారి మలుపు తిరిగాడు. నాన్న గిర్రున తిరిగి గొట్టం ఆయన మీదకి ఎత్తి "ఎవడ్రా అది?" అన్నాడు. యాభై ఏళ్లు గనిలో పక్కపక్కన దిగిన మనిషిని! నేను వెళ్లి మెల్లిగా గొట్టం కిందికి దించాను. వైనో బాబాయి కాఫీ పోస్తూ "ఎండ కళ్లల్లో కొట్టింది లే" అన్నాడు. ఎండ నాన్న వీపు వైపు ఉంది.

కాబట్టి మనవాళ్ల పాత పద్ధతే చేద్దాం. ఎవరికైనా మనసు బాగాలేనప్పుడు, ఇల్లాలు పోయినప్పుడు, మందు ఎక్కువైనప్పుడు, పక్కింటివాడు వెళ్లి "నా తుపాకీ పాడైంది, నీది ఓసారి అరువిస్తావా?" అని అడుగుతాడు కదా. ఎప్పుడు తిరిగిస్తావని ఎవరూ అడగరు. మనిషి పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. వైనో బాబాయిని అడగమను.

కోరీకి నా ముద్దులు. నీకు కూడా, వద్దన్నా సరే.

తమ్ముడు,
ఆర్నీ


సాలో క్రాసింగ్
27 సెప్టెంబర్

ఆర్నీకి,

నీ సలహా పాటించాను. ఏమైందో విను.

వైనో బాబాయి టోపీ చేతిలో పట్టుకుని వచ్చి అడిగాడు. నాన్న మహారాజులా బీరువా తెరిచి "ఏది కావాలో తీసుకోరా" అని, అన్నింట్లోకీ చిన్నదాన్ని, కుందేళ్ల తుపాకీని, చేతిలో పెట్టాడు. మూడు రోజులయ్యాక ఖాళీ చోటు చూసుకుని ఊరి మీద పడ్డాడు. పెట్రోలు బంకులో, చర్చిలో, పోస్టాఫీసులో ఒకటే మాట: "వైనో నా తుపాకీ ఎత్తుకుపోయాడు." ఆ పెద్దమనిషి మొహం కందిపోయి, తుపాకీ తెచ్చి ఇచ్చేశాడు. ఇచ్చేసి, సౌనాలో, ఆ ఆవిరి స్నానాల గదిలో, నాన్న పక్కనే కూచుని వీపు రుద్దాడు. ఇంక ఎవరిని పంపను అరువుకి?

వేట మొదలయ్యే నవంబరు పదిహేనుకి రైఫిల్ లేకుండా నాన్నని కూచోబెట్టమంటావు. ఆ మనిషికి ఏడాదంటే ఆ ఒక్క రోజే. అడవిలో ఆ క్యాంపు, ఆ పొయ్యి, తెల్లారగానే జింక కోసం మంచులో కూచోవడం. మిగతా రోజులన్నీ మరిచిపోతున్నాడు కానీ ఆ తేదీ మరవలేదు. "ఈసారి కోరీగాణ్ణి నా పక్కన కూచోబెట్టుకుంటా" అని రోజూ అంటున్నాడు. షికాగోలో కూచుని తీసెయ్యి తీసెయ్యి అనడం తేలికే. ఆయన కళ్లల్లోకి చూస్తూ తీసేవాళ్లెవరు?

నీ ఆట సంగతి మాత్రం తేల్చేశాను. లెక్కల్లో తప్పి, మాస్టారికి ఎదురు చెప్పాడని బడి నుంచి చీటీ తెచ్చాడు మీ మేనల్లుడు. ఆట పెట్టె, తీగలు, అన్నీ పీకి ఇనప బీరువాలో పడేసి తాళం వేశాను. తలుపుకే గొళ్లెం లేని ఇల్లు మనది, తాళం ఉన్నది దానికొక్కదానికే కదా. తాళంచెవి మెళ్లో కట్టుకున్నాను. నాన్న అడిగితే వేట రోజున ఇస్తానన్నాను. ఇప్పుడు నేను చెప్పే దెయ్యం, నువ్వు చెప్పే దెయ్యం ఒకే చోట ఉన్నాయి, కొట్టుకు చావనీ.

కోరీ నాతో మాట్లాడ్డం మానేశాడు. అదీ నీ చలవే.

హిల్మా


షికాగో
6 అక్టోబర్

అక్కా,

చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు చల్లబడింది. ఏం చేశావో చూసుకున్నావా? నిన్నటి దాకా కోరీకి ఆ బీరువాతో పనే లేదు. ఇవాళ వాడికి ప్రపంచంలో కావాల్సిన వస్తువు అందులోనే ఉంది. బిస్కెట్లు తీసుకెళ్లి కత్తుల సొరుగులో దాచినట్టుంది నీ పని.

నీ మెళ్లో ఉన్నది ఒక తాళంచెవే. రెండోది ఉంది, నీకు తెలీదు. సౌనా లోపల, తలుపు పైన, ద్వారబంధం వెనక మేకుకి వేలాడదీసేవాడు నాన్న. నాకు పదేళ్లప్పుడు కనిపెట్టాను. ఈ ఉత్తరం అందగానే వెళ్లి తీసేయి, కోరీ కంట పడకముందే.

నాన్నకి మతి తప్పుతోంది అక్కా. ఈ మాట నువ్వూ అనవు, నేనూ గట్టిగా అనలేను, కానీ ఎవరో ఒకరు అనాలి. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో తుపాకులు ఉండకూడదు. నేను నవంబరు పన్నెండున వస్తాను. నాన్నని నేనే క్యాంపుకి తీసుకెళ్తాను, ఆయన పండగ ఆయనకి జరగనీ. అయిపోయాక "ఆటకి చప్పుళ్లు పట్టుకోవాలి, అరువివ్వు నాన్నా" అని ఐదూ బండిలో వేసుకుని షికాగో వచ్చేస్తాను. ఇంత దూరం వచ్చి దొంగ అని ఎవర్నంటాడు?

ఒక పార్సెల్ పంపుతున్నాను. ఇంట్లో గొడవ తగ్గుతుంది. తిప్పి పంపకు.

ఆర్నీ


సాలో క్రాసింగ్
16 అక్టోబర్

ఆర్నీకి,

నీ ఉత్తరం నా చేతికి రాకముందే ఇల్లంతా విన్నది.

పోస్టు పెట్టె దాకా నడిచి ఉత్తరాలు తేవడం నాన్న పని, ఆ ఒక్క పనీ ఇంకా మరిచిపోలేదు. పోయినసారి ఉత్తరం శనివారం వచ్చింది కాబట్టి నేనే తీసుకున్నాను. ఈసారి నేను బడిలో ఉన్నాను. నువ్వేమో కవరు మీద నా పేరు రాయకుండా ఎప్పట్లా ఇంటిపేరు రాసి ఊరుకున్నావు. వచ్చిన ఉత్తరం బల్ల దగ్గర కూచుని పైకి చదవడం అమ్మ నాటి అలవాటు కదా. నాన్న కళ్లజోడు పెట్టుకుని, కోరీని ఎదురుగా కూచోబెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడట. మేకు, ద్వారబంధం, అన్నీ.

నేను వచ్చేసరికి కాఫీ తాగుతూ తీరిగ్గా చెప్పాడు. "ఆర్నీ రాశాడు. ఎవరి నాన్నో పాపం, మతి తప్పుతోందట. ఇంటినిండా తుపాకులట. తీసేయమంటున్నాడు. మంచిమాటే చెప్పాడు వాడు. అలాంటి వాడి చేతికి తుపాకీ ఇవ్వకూడదు."

"ఎవరు నాన్నా ఆయన?" అన్నాను.

"పేరు రాయలేదు. మనకెందుకులే, ఊళ్లో అనకు. పరువు గల ఇల్లు అయ్యుంటుంది."

సింకు వైపు తిరిగి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

తర్వాత సౌనాలోకి పరిగెత్తాను. మేకు ఉంది. తాళంచెవి లేదు. కోరీని అడిగితే "నేను తీయలేదు, నా మీద ఒట్టు" అన్నాడు. జేబులు, పరుపు కింద, బూట్లలో, అన్నీ వెతికాను. వాడి మొహం చూడాలి, దొంగని వెతికినట్టు వెతికావు కదా అన్నట్టు. నాన్నని అడిగితే "రెండోదా? ఎప్పుడూ లేదే" అన్నాడు. తుప్పు పట్టి ఏనాడో పడిపోయిందేమో, నాన్నే ఎక్కడో పెట్టాడేమో, కోరీయేనేమో. ముగ్గురం ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ తిరుగుతున్నాం.

హార్డ్‌వేర్ కొట్టు అతన్ని తాళం మార్చమన్నాను. తలుపు కోయాలి, వేట అయ్యాక వస్తానన్నాడు. ఈ ఊళ్లో నవంబరు పదిహేను దాటితే గానీ ఎవరూ మనుషుల్లో పడరు. నువ్వు పన్నెండుకి వస్తున్నావు కదా, అంతవరకు పళ్లబిగువున లాగుతాను.

నీ పార్సెల్ వచ్చింది. ఇంకో ఆట ఇంట్లోకి రానిస్తాననుకున్నావా? విప్పకుండానే తిప్పి పంపాను. వాడి ముందే పంపాను, చూడనీ అని.

హిల్మా


షికాగో
4 నవంబర్

అక్కకి,

తిట్టకుండా చదువు. పన్నెండుకి రాలేను. క్రిస్మస్‌కి ఆట కొట్లలోకి వెళ్లాలి, ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. దానికి తోడు పద్నాలుగో తేదీ శనివారం గ్రంథాలయం హాల్లో పెద్ద సభ పెట్టారు: హింస ఉన్న ఆటలూ సినిమాలూ కాల్పులకి కారణమా, కాదా? అటు ఓ పాస్టరు, ఓ డాక్టరు. ఇటు మా కంపెనీ తరఫున నేను. పల్లెటూరివాణ్ణి, వేటగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నా మాటకి విలువ ఉంటుందంటున్నారు. నీతో పోట్లాడి పోట్లాడి నాకు సాధన అయింది, నీ పేరు చెప్పుకుని గెలుస్తాను.

ఇరవై రెండున తప్పకుండా వస్తాను. వారం పది రోజులు, ఏమౌతుంది? తాళంచెవి దొరికిందా? పార్సెల్ గురించి ఇప్పుడు రాయను. వచ్చాక నువ్వే చూసి సిగ్గుపడుదువుగాని.

ఆర్నీ


సాలో క్రాసింగ్
9 నవంబర్

ఆర్నీకి,

రానక్కర్లేదు. ఇరవై రెండున కూడా రానక్కర్లేదు. సభలు చేసుకో. మా గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకో.

నాన్న రోజూ సంచి సర్దుతున్నాడు, నేను రోజూ విప్పుతున్నాను. పదిహేనున వైనో బాబాయి నాన్నని, కోరీని క్యాంపుకి తీసుకెళ్తానన్నాడు. తూటాలు తన జేబులోనే పెట్టుకుంటాడట, గొట్టం ఖాళీగా ఉంచి నాన్న చేతికిస్తాడట. కొత్త తూటాల పెట్టె కూడా ఆయనింట్లోనే ఉంది. మాకు అన్నదమ్ముల కంటే ఆయనే నయం.

శనివారం చర్చి కింద గదిలో పాస్టీలు చేయాలి, వేటకి వెళ్లేవాళ్లకి అమ్మడానికి. మాంసం, బంగాళాదుంపలు కూరి నాలుగొందలు చేయాలి. సాయంత్రం దాకా ఇంట్లో తాతా మనవడే. కోరీ ఈ మధ్య బాగున్నాడు తెలుసా? బడి నుంచి నేరుగా ఇంటికొచ్చి తాతయ్య దగ్గరే కూచుంటున్నాడట. ఆట పోతే పిల్లాడు తిరిగొచ్చాడు. నీ సభలో ఈ మాట కూడా చెప్పు.

హిల్మా


షికాగో
14 నవంబర్, శనివారం సాయంత్రం

అక్కా,

ఇప్పుడే సభ నుంచి వచ్చాను. కోపం పక్కన పెట్టి విను, గెలిచాను! పాస్టరుగారు మంచివాడే కానీ లెక్కలు లేవు. డాక్టరు లెక్కలు చెప్పాడు కానీ ఎవరికీ అర్థం కాలేదు. నేను జూలై సంగతి చెప్పాను, మా నాన్న రైఫిల్ చప్పుడు పట్టుకున్న సంగతి. "ఆ రైఫిల్ మా ఊళ్లో నిజంగా ఉంది, దాని చప్పుడు మాత్రమే ఈ ఆటలో ఉంది. చప్పుడు ఎవర్నీ చంపదు" అన్నాను. హాలంతా చప్పట్లు. ఒకావిడ వచ్చి చెయ్యి పట్టుకుని, మీ మాటలతో నా మనసు కుదుటపడింది, మా అబ్బాయికి కొనిస్తాను అంది.

రేపు నాన్నకి మంచి కొమ్ముల జింక దొరకాలి. కోరీకి చెప్పు, తాతయ్య ఎడమ పక్కన కూచోమని. కుడి చెవి వినపడదు ఆయనకి.

పక్క గదిలో ఫోను మోగుతోంది. నువ్వే అయితే, ఇదంతా నోటితోనే చెప్పేస్తాను.

ఆర్నీ


సాలో క్రాసింగ్
2 డిసెంబర్

ఆర్నీకి,

నువ్వు వచ్చావు, ఆస్పత్రి నడవలో ఆ చివర నిలబడ్డావు, నేను ఈ చివర నిలబడ్డాను. నువ్వు తిరిగి వెళ్లిన మర్నాడు నీ శనివారం ఉత్తరం వచ్చింది, ఆ హడావుడిలో తెలియకుండానే పోస్టులో వేశావేమో. నాన్నే తెచ్చాడు. పైకి చదవనివ్వలేదు, లాక్కున్నాను.

కోరీ ఇన్నాళ్లకి నోరు విప్పాడు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

తాళంచెవి వాడే తీశాడు. నాన్న ఉత్తరం చదవడం పూర్తవగానే సౌనాలోకి వెళ్లి తీసి, పోస్టు పెట్టె వెనక మట్టిలో పాతాడు. రోజూ బడి నుంచి వచ్చి బీరువా తెరిచి, ఆట తీసి ఆడుకుని, నేను వచ్చేలోగా మళ్లీ పెట్టి తాళం వేసేవాడు. తుపాకుల వైపు చూడను కూడా లేదమ్మా అన్నాడు. నమ్ముతున్నాను. తాతయ్య భయపడతాడని చప్పుడు బాగా తగ్గించి ఆడేవాడట. నేను వాడు మారాడనుకున్నది ఆ రోజులే.

ఆ శనివారం నాన్న నడవ పక్కన కుర్చీలో నిద్రపోయాడు. గురకపెడుతున్నాడు కదా అని వాడు కాస్త చప్పుడు పెంచాడు. బీరువా తలుపు వేయడం మరిచిపోయాడు. నాన్న లేచాడు. ముందు గదిలో తన రైఫిల్ పేలుతోంది, ఎవరో అరుస్తున్నారు. బీరువా బార్లా తెరిచి ఉంది. పోయినేటి వేటకోటు జేబులో నాలుగు తూటాలు మిగిలి ఉన్నాయి. ఆ కోటు జేబులు ఎవరం చూడలేదు, వైనో బాబాయి చూడలేదు, కోరీ జేబులన్నీ దులిపిన నేను చూడలేదు.

చీకటి గదిలో టీవీ వెలుగు, చేతిలో ఏదో పట్టుకున్న మనిషి. "ఎవడ్రా నా ఇంట్లో!" అన్నాడట. కోరీ లేచి తిరిగి "నేనే తాతయ్యా" అన్నాడట. కుడి చెవి వినపడదని నువ్వే రాశావు కదా.

ఆ తర్వాత జరిగింది డాక్టర్లు చెబుతుంటే నాకు నమ్మకం కలగలేదు. నాన్న రైఫిల్ వదిలేసి, బెల్టు తీసి, భుజం కింద బిగించి కట్టాడు. గనిలో ఎవరికైనా చెయ్యో కాలో నలిగితే కట్టే కట్టు. ఆ కట్టు లేకపోతే పిల్లాడు దక్కేవాడు కాదన్నారు. అంబులెన్సు వచ్చేసరికి వాణ్ణి ఒళ్లో పెట్టుకుని జోకొడుతూ, వచ్చినవాళ్లని "ఎవడు చేశాడిది? చూశారా వాణ్ణి?" అని అడుగుతున్నాడట.

చెయ్యి మోచేతి పై దాకా తీసేశారు. కుడి చెయ్యి. నీకు తెలుసు, నువ్వు ఉన్నప్పుడే తీశారు.

మెలకువ రాగానే వాడు అన్న మొదటి మాట నీకు తెలియదు. "అమ్మా, తాతయ్యకి చెప్పకు."

హిల్మా


షికాగో
13 డిసెంబర్

అక్కకి,

నువ్వు తిప్పి పంపిన పార్సెల్ నా బల్ల మీద ఉంది. చెప్పకుండా ఉండాలని చాలా అనుకున్నాను. కానీ మనింట్లో చెప్పకుండా దాచినవే చాలు. అందులో ఆట లేదు. చెవులకు పెట్టుకునేవి, హెడ్‌ఫోన్లు. నాన్న మొదటిసారి ఉలిక్కిపడ్డాడని నువ్వు రాశావు కదా. చప్పుడు కోరీ చెవుల్లోనే ఉంటుందని పంపాను. నీ తప్పని కాదు అక్కా. పైన ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నువ్వు విప్పి తెల్లమొహం వేస్తే చూడాలని సరదాపడ్డాను. తాళంచెవి సంగతి ఉత్తరంలో రాసిందీ నేనే, పన్నెండుకి రానిదీ నేనే.

ఆ చప్పుడు తీసేయమని కంపెనీలో అడిగాను, కాళ్లావేళ్లా పడ్డాను. అప్పటికే లక్షల డిస్కులు కొట్లకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ పిల్లాడి గదిలో చూసినా నాన్న రైఫిల్ పేలుతూనే ఉంటుంది. వెనక్కి తీసుకోవడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. ఉద్యోగం మానేశాను. దానివల్ల ఏం ఒరిగిందని అడగకు.

ఆ సభలో నా చెయ్యి పట్టుకున్నావిడ పేరు కూడా అడగలేదు నేను.

కోరీకి ఏం రాయాలో తెలియడం లేదు. వాడు నాతో మాట్లాడతాడా?

ఆర్నీ


సాలో క్రాసింగ్
10 జనవరి 1999

తమ్ముడు ఆర్నీకి,

వాడు మాట్లాడతాడు. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు, నీకే రాస్తానన్నాడు. కోళ్లు గీకినట్టుంటుంది, నవ్వకు.

టౌన్‌షిప్ హాల్లో ఇక్కడా సభ పెట్టారు. మన పేరు ఎత్తకుండా మన గురించే మాట్లాడారు. సగం మంది ఆటలు నిషేధించాలన్నారు, సగం మంది తుపాకులకు తాళాల చట్టం రావాలన్నారు. రెండు వైపులవాళ్లూ సంతకం కోసం మా గుమ్మంలోకే వచ్చారు, ఇద్దరూ కేకు తెచ్చారు. వాళ్లది తెచ్చి చూపిస్తే వాళ్లది నిజమనిపించింది, వీళ్లది చదివితే వీళ్లది నిజమనిపించింది. రెండింటి మీదా సంతకం పెట్టాను. ఆ రాత్రి బల్ల దగ్గర కూచుని ఏడ్చాను. ఏ కాగితం పెడితే ఆ శనివారం మధ్యాహ్నం నాకు తిరిగొస్తుందిరా?

తుపాకులు షెరీఫ్ మనుషులు పట్టుకెళ్లారు. కేసు పెట్టలేదు. నాన్నని వృద్ధాశ్రమంలో పెట్టమని కౌంటీ వాళ్లు అంటున్నారు. నేను ఊఁ అనబోయాను. కోరీ ఒప్పుకోవడం లేదు. "నేను ఇంట్లో ఉండగా ఆయన్నెందుకు పంపుతావమ్మా?" అంటాడు. ఊళ్లో అందరికీ వాడే చెప్పుకున్నాడు, తాతయ్య దగ్గర అనకండని. వైనో బాబాయి, పోస్టాఫీసు వాళ్లు, షెరీఫ్ డెప్యూటీ కూడా నోరు కట్టేసుకున్నారు. ఇంతమంది కలిసి ఒక ముసలాయన్ని కాచుకుంటున్నారు. ఈ కట్టు అప్పుడే ఎందుకు కట్టలేకపోయామో.

నాన్నకి మాత్రం ప్రతి పొద్దూ కొత్తగా తెలుస్తుంది. కాఫీ తాగుతూ ఖాళీ చొక్కా చెయ్యి చూస్తాడు. కప్పు కింద పెట్టేస్తాడు. "ఎవడు చేశాడురా?" అంటాడు. కోరీ "పారిపోయాడు తాతయ్యా" అంటాడు. నాన్న కళ్లనీళ్లు పెట్టుకుని, వాడి తల నిమిరి, లేచి నడవలోకి వెళ్లి ఖాళీ బీరువా ముందు నిలబడతాడు. మొదటి రోజున "నా రైఫిల్ ఏది?" అంటే నోటికొచ్చింది చెప్పాను: ఆర్నీ అరువుకి తీసుకెళ్లాడు నాన్నా, చప్పుళ్లు పట్టుకోవడానికి. ఆ ఒక్కటి మాత్రం ఎలా గుర్తుంచుకున్నాడో గుర్తుంచుకున్నాడు.

ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన కూచుని నేనూ రాస్తానని కాగితం లాక్కున్నాడు. ఇవ్వకపోతే ఊరుకోడు. కింద ఉన్నది నాన్న రాతే. దీనికి ఏం జవాబు రాస్తావో నాకు తెలీదు. కవరు మీద మాత్రం నా పేరు రాయి.

మీ అక్క,
హిల్మా

ఆర్నీ,
నీ పని అయిపోయి ఉంటే రైఫిల్ పంపించు. మన కోరీని ఎవడో కాల్చాడు. పిల్లాడికి చెయ్యి పోయింది. కాల్చినవాడు ఇంకా దొరకలేదట. మీ అక్క పొద్దున్నే పనికి పోతుంది, ఇంట్లో పిల్లాడు ఒక్కడే. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూచుంటాను. ఈసారి ఎవడొచ్చినా వదలను.
నాన్న